అమృతాంజనం సీసా, ఆంధ్రపత్రిక కాగితం

నా వద్ద చదువుకొని ఇప్పుడు పచ్చళ్ల వ్యాపారం చేసుకుంటున్న శిష్యుడొకడు ఈమధ్య ఒక ప్రశ్న వేశాడు. "మాస్టారూ, వ్యాపారం పెరగాలంటే ఏదో ఒకటి రాస్తూ ఉండాలని అందరూ చెబుతున్నారు. చదివేవాళ్లే తగ్గిపోయారు కదా, మా ఊరి గోంగూర గురించి నాలుగు మాటలు రాస్తే సీసాలు అమ్ముడుపోతాయా?" అన్నాడు. నాకు వ్యాకరణం తెలుసును గాని వ్యాపారం తెలియదు. అయినా అతని ప్రశ్న కొత్తది కాదని మాత్రం తెలుసు. నూరేళ్ల క్రితమే ఇద్దరు తెలుగువాళ్లు మందు సీసాలమ్మి పత్రికలు నడిపారు. వారి కథను కొంచెం నిదానంగా చెప్పుకుంటే శిష్యునికే కాక మన మిత్రులకు కూడా పనికిరావచ్చునని ఈ టపా.

వ్యాపారశాస్త్రం చెప్పేవారు ఈ విద్యకు పుట్టిల్లు అమెరికా అంటారు. నాగళ్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం 'ది ఫర్రో' అనే పత్రిక పెట్టింది. ఫర్రో అంటే మన నాగేటి చాలు. చక్కని పేరే. 1900లో ఫ్రాన్సులో టైర్లు చేసే మిషెలిన్ సోదరులు ప్రయాణికులకు ఒక మార్గదర్శిని అచ్చువేయించి ఊరికే పంచిపెట్టారు. కార్లు ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి గదా! ఈ రెండు ఉదాహరణలూ ప్రతి పుస్తకంలోనూ కనబడతాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మాత్రం అంజనం వేసి చూసినా కనబడదు.

పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులోను మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి, కొంతకాలం కలకత్తాలో ఉండి, ఆపైన బొంబాయి చేరి ఒక దొరల కంపెనీలో ఉద్యోగం చేశారు. 1893లో అక్కడే సొంతంగా ఒక తలనొప్పి మందు తయారుచేసి దానికి అమృతాంజనం అని పేరు పెట్టారు. అమృత, అంజనము: సవర్ణదీర్ఘసంధి. కవిత్వం తెలిసినవాడు పెట్టిన పేరని విన్న వెంటనే తోస్తుంది. అంజనమంటే లోకవ్యవహారంలో కాటుక; ఈ మందేమో పొరపాటున కంట్లో పడితే చుక్కలు కనిపిస్తాయి. అయితే ధాతువును పట్టి చూస్తే అంజనమంటే పూసేది అనే అర్థం కనుక పంతులుగారిని తప్పుపట్టే వీలు లేదు. ఇంకో సంగతి. ఈ పేరు తెలుగువాడికి ఎంత తెలిసినదో మరాఠీవాడికీ, గుజరాతీవాడికీ, తమిళుడికీ అంత తెలిసినదే. సంస్కృత సమాసం చేసిన మేలు అది.

ఇక ఆ మందు ఎలా అమ్ముడుపోయిందన్నది చూడాలి. పత్రికతో కాదు. అప్పటికి ఆయనకు పత్రికే లేదు. సంగీత కచేరీలలోను సభలలోను జనం చేరినచోట మందును ఉచితంగా పంచిపెట్టించారని ప్రసిద్ధి. ఆలోచిస్తే దీనిలో గొప్ప తెలివి ఉన్నది. జనసమ్మర్దంలో, దీపాల వేడిలో, నాలుగు గంటలసేపు కూర్చున్నవాడికి తలనొప్పి రాక తప్పదు. రోగమూ మందూ ఒకేచోట ఎదురుపడ్డాయి. పక్కవాడి నుదుటిమీది వాసన మనకూ తగులుతుంది; అంతకన్న ప్రకటన ఏముంటుంది? పైగా 1911 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో చదవను రాయను వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేరు. అటువంటి దేశంలో కేవలం అక్షరాన్ని నమ్ముకొని సరుకు అమ్మబోవడం సాహసమే అయ్యేది.

అమృతాంజనం పుట్టిన పదిహేనేళ్లకు గాని ఆంధ్రపత్రిక పుట్టలేదు. ఈ పదిహేనేళ్లను మనవాళ్లు సాధారణంగా ఒక వాక్యంలో దాటవేస్తారు గాని, అసలు కథ అక్కడే ఉన్నది. 1907లో సూరత్ కాంగ్రెసుకు వెళ్లినప్పుడు తెలుగువారికి ఒక మంచి పత్రిక లేని కొరత పంతులుగారిని బాధించింది. మరుసటి ఏడు, 1908లో, బొంబాయి నుంచే వారపత్రికగా ఆంధ్రపత్రికను మొదలుపెట్టారు. తెలుగుదేశానికి అంతదూరాన, మరాఠీ గుజరాతీలు మాట్లాడే నగరంలో, తెలుగు అక్షరాలు పేర్చి అచ్చువేయించి టపాలో పంపడం ఎంత శ్రమో ఊహించుకోండి. మందు అమ్ముకునేవాడు లాభం చూసుకొని చేసే పని కాదిది. 1914లో పత్రికను మద్రాసుకు మార్చి ఏప్రిల్ 1 నుంచి దినపత్రికను చేశారు. ఆ ఏడే యూరపులో మహాయుద్ధం వచ్చింది. యుద్ధవార్తల కోసం జనం ఎదురుచూసే రోజులు. రచ్చబండ దగ్గర ఒకడు పత్రిక చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినేవారు. నూటికి పదిమందైనా చదువురాని దేశంలో పత్రిక నిలబడిన రహస్యం అదే.

అంటే వ్యాపారం పత్రికను పోషించిందే గాని పత్రిక వ్యాపారాన్ని పుట్టించలేదు. ఈ వరుస తలకిందులు చేసి "పత్రిక పెట్టి మందు అమ్ముకున్నాడు" అనేవారు తేదీలు చూడనివారు. అయితే పత్రిక వల్ల మందుకు మేలు కలగలేదా అంటే, తప్పకుండా కలిగింది. తలనొప్పి మందు కొనేవాడు తర్కశాస్త్రం చదివి కొనడు. నొప్పి వచ్చిన క్షణాన ఏ పేరు నాలుకమీదికి వస్తే దాన్నే అడుగుతాడు. ప్రతి ఉదయమూ ఇంటికి వచ్చే కాగితంలో ఆ పేరు ఉన్నది. ఆ కాగితం నడిపేవాడు దేశం కోసం పాటుపడుతున్నాడని కొనేవాడికి తెలుసు. పరాయి మందు కన్న మన పంతులుగారి మందు మేలు అనుకోవడానికి స్వదేశీ ఉద్యమపు రోజుల్లో ఇంకేం కావాలి?

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఆంధ్రపత్రిక తలనొప్పి గురించి వ్యాసాలు రాయలేదు. అది రాసినవి కాంగ్రెసు సంగతులు, ఆంధ్రోద్యమ సంగతులు, సాహిత్య సంగతులు. సరుకు ప్రకటనల గడిలో ఉండేది, రాత తన దారిన తాను ఉండేది. 1924 జనవరిలో భారతి మాసపత్రిక మొదలయ్యాక ఈ దూరం ఇంకా పెరిగింది. శాసనాలు, ఛందస్సు, భాషాశాస్త్రం, కొత్త కవిత్వం, కథ: భారతిలో ఒక వ్యాసం పడితే పండితునికి అదే పట్టాభిషేకం. శాసనపాఠాల మీద జరిగిన వాదోపవాదాలు చదివి అమృతాంజనం కొన్నవారు ఎవరైనా ఉంటే, చదవగా తలనొప్పి వచ్చి కొన్నవారే అయి ఉండాలి! పంతులుగారు అక్కడితో ఆగలేదు. 1926లో ఆంధ్రగ్రంథమాల స్థాపించి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో బసవపురాణాన్ని వెలువరించారు. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మరణించగా ఆగిపోయిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వం పనిని నెత్తికెత్తుకున్నారు. విజ్ఞానసర్వస్వం అచ్చువేసి బాగుపడిన వ్యాపారి పేరు నేను వినలేదు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు కూడా వెళ్లారు. సర్కారు కన్నెర్ర జేస్తే మొదట దెబ్బతినేది వ్యాపారమేనని ఆయనకు తెలియదా?

రెండవ కథ కేసరిగారిది. శిష్యుని ప్రశ్నకు అసలు దగ్గరగా ఉన్నది ఇదే. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరులో 1875లో పుట్టిన కోట నరసింహం అనే పేద పిల్లవాడు కాలినడకన మద్రాసు చేరి, వైద్యం నేర్చి, డాక్టరు కె. ఎన్. కేసరి అయినాడు. కేసరికుటీరం స్థాపించి స్త్రీల రోగాలకు 'లోధ్ర' అనే మందు అమ్మాడు. లోధ్రమంటే మన లొద్దుగ చెట్టు. ఆయుర్వేదంలో దాని బెరడుకు స్త్రీల వ్యాధుల విషయంలో పేరున్నది. కాళిదాసు మేఘసందేశంలో అలకాపురి స్త్రీలు ముఖానికి అద్దుకున్నది ఈ లోధ్రపుష్పాల పరాగమే. కావ్యంలో పౌడరు, మద్రాసులో టానిక్కు.

1928లో కేసరిగారు గృహలక్ష్మి అనే మాసపత్రిక పెట్టారు. ఇది స్త్రీల పత్రిక. లోధ్ర స్త్రీల మందు. పత్రిక చదివేవారూ మందు కొనవలసినవారూ ఒక్కరే. పంతులుగారికీ కేసరిగారికీ ఉన్న భేదం ఇదే. ఈనాటి వ్యాపారులు చెప్పే పద్ధతి నూటికి నూరుపాళ్లు కేసరిగారి పద్ధతి. ఆ రోజుల్లో ఆడవాళ్లు తమ శరీరబాధను భర్తతోనైనా చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు. వైద్యుడి దగ్గరికి వెళ్లడం ఇంకా దూరపు మాట. అటువంటి ఇంట్లోకి వైద్యుడు పోలేడు గాని పత్రిక పోగలదు.

పత్రిక కేవలం మందుకు డప్పు కొట్టి ఉంటే మనం ఈనాడు దాన్ని తలచుకొనే పని లేదు. కనుపర్తి వరలక్ష్మమ్మగారి 'శారద లేఖలు' గృహలక్ష్మిలోనే వచ్చాయి. ఒక స్నేహితురాలికి రాసినట్టు సాగిన ఆ ఉత్తరాలలో స్త్రీల చదువు, హక్కులు, దేశం, అన్నీ చర్చకు వచ్చాయి. గృహలక్ష్మి స్వర్ణకంకణమనే సన్మానాన్ని ఏర్పాటుచేసి స్త్రీలకు బహూకరించారు. వరలక్ష్మమ్మగారు అందుకున్నవారిలో ఒకరు. ఆడవారు రాస్తే కలంపేరు వెనుక మగవాడున్నాడని అనుమానించే కాలంలో, సభచేసి, పేరుపెట్టి పిలిచి, చేతికి బంగారు కంకణం తొడగడం చిన్న పని కాదు. ఈనాడు తెలుగు స్త్రీల రచనల చరిత్ర రాయబోయేవారెవరైనా లోధ్ర డబ్బుతో నడిచిన ఆ పత్రికను దాటిపోలేరు.

ఇంత మెచ్చుకొన్నాక ఒక సందేహాన్ని దాచడం న్యాయం కాదు. "ఈ నలతలకు టానిక్కులెందుకు, కడుపునిండా తిండి పెట్టి, చాకిరి తగ్గించండి చాలు" అని ఒక రచయిత్రి వ్యాసం పంపితే మందుల యజమాని పత్రికలో దాన్ని అచ్చువేయడం ఎంత కష్టం! సరుకూ రాతా ఒకే విషయం మీద ఉన్నప్పుడు ఈ ముడి తప్పదు. పంతులుగారికి ఈ బెడద లేదు, ఎందుకంటే తలనొప్పికీ బసవపురాణానికీ తగవు లేదు. నా తూకంలో రచనకు నాగేశ్వరరావుగారి దారి క్షేమం. అంగడికి కేసరిగారి దారి లాభం. ఆ కాలపు పత్రికల ప్రకటనల పుటలు తిరగేస్తే ఈ ముడి ఎంత ముదిరిందో తెలుస్తుంది. ఒకే గుళికతో సకలరోగాలూ పోతాయనేవారు, నపుంసకత్వానికి లేహ్యాలమ్మేవారు, వశీకరణ యంత్రాలు వి.పి.పి.లో పంపేవారు. చివరకు 1954లో అద్భుత చికిత్సల ప్రకటనలను అరికట్టడానికి ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చింది. అచ్చులో కనబడిందల్లా నిజమని నమ్మిన పాఠకుని అమాయకత్వాన్ని అమ్ముకున్నవారు వీరు. వారి పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

పత్రికలు కూడా శాశ్వతం కాలేదు. అమృతాంజనం 1936లో వాటాదారుల కంపెనీ అయింది. 1938 ఏప్రిల్‌లో పంతులుగారు పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికల బాధ్యత స్వీకరించి 1972లో మరణించేవరకు నడిపారు. ఆ తరువాత పోటీ పెరిగింది, ఖర్చు పెరిగింది. ఆంధ్రపత్రికా భారతీ రెండూ 1991లో ఆగిపోయాయి. మందు మాత్రం ఇప్పటికీ ప్రతి కిరాణా దుకాణంలోను దొరుకుతున్నది. సీసా బతికింది, కాగితం పోయింది. ఇది చూసి నా శిష్యుడు "అయితే రాత దండగే కదా మాస్టారూ" అన్నాడు. నాకు అలా తోచదు. కాగితం ఎనభై మూడేళ్లు బతికింది. అన్నేళ్లు బతికిన పచ్చళ్ల కొట్లు ఎన్ని ఉన్నాయో అతనే లెక్క చెప్పాలి. ఈ నెల రాసి వచ్చే నెల సీసాలు లెక్కపెట్టుకుందామంటే రాయకపోవడమే మంచిదని, ముందు గోంగూర బాగా పెట్టి నలుగురికీ రుచి చూపించమని, ఆ పైన చెప్పాలనిపించిన సంగతి ఏదైనా ఉంటే రాయమని చెప్పాను.

పాత భారతి సంచికలను ప్రెస్ అకాడమీవారు కంప్యూటరుకెక్కించి మహోపకారం చేశారు. అవి చూసేవారికి ఒక మాట. పూర్వం గ్రంథాలయాలలోను ఇళ్లలోను సంచికలను కలిపి బైండు చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనల కాగితాలూ చించివేయడం అలవాటు. మా నాన్నగారు కూడా అదే చేసేవారు. బైండు లావవుతుందని, కుట్టుకూలి పెరుగుతుందని. అందుచేత ఆ ఏళ్ల భారతిలో శాసనాల వ్యాసాలు పుటపుటా దొరుకుతాయి గాని, వాటి అచ్చుకూలి పెట్టిన అమృతాంజనం ప్రకటన చూడాలంటే బైండు చేయని విడి సంచిక కోసం వెదకవలసి ఉంటుంది.