మైకా నుంచి మన మిత్ర దాకా

నెల్లూరు దగ్గరి గూడూరుకు ప్రపంచ టెక్నాలజీ కంపెనీలతో పరిచయం సెల్‌ఫోన్ తెచ్చిపెట్టింది కాదు. అంతకు వందేళ్ల ముందే మైకా దాన్ని వాటితో కలిపింది. పంతొమ్మిదో శతాబ్దం చివర సైదాపురం, రాపూరు, పొదలకూరు వైపు మైకా తవ్వకాలు ఊపందుకుంటున్న రోజుల్లోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్, జర్మనీలో సీమెన్స్ కరెంటు వ్యాపారంలో బలుస్తున్నాయి. జనరేటరైనా మోటారైనా లోపల కరెంటు పక్కదారి పట్టకూడదు, వేడికి మాడకూడదు. ఆ పనికి మైకాను మించింది అప్పట్లో లేదు. తర్వాత రేడియో వాల్వులకూ, కెపాసిటర్లకూ, విమానాల స్పార్క్ ప్లగ్గులకూ అదే కావలసివచ్చింది.

నెల్లూరు మైకాది లేత ఆకుపచ్చ ఛాయ. ఇనుకుర్తి గనిలో దొరికిన ఒక్క స్ఫటికమే దాదాపు 85 టన్నులు తూగిందంటారు. గనిలో తీసిన దిమ్మెలు గూడూరు షెడ్లకు చేరితే, ఆడవాళ్లు వరసగా కూర్చుని రేకులు విడదీసి, అంచులు కత్తిరించి, మచ్చ ఉన్నదాన్నీ లేనిదాన్నీ వేరుచేసేవాళ్లు. చేతి నేర్పు ఇక్కడిది, ధర మాత్రం లండన్‌ది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా సంయుక్త మైకా మిషన్ పెట్టి మరీ మన దేశపు సరుకు కొన్నాయి.

1947 డిసెంబరులో అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వారి బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. క్రమంగా వాల్వులు పోయాయి, వాటితోపాటే మైకా గిరాకీ కూడా తగ్గింది. 1970లలో కేంద్రం ఎగుమతిని తన చేతిలోకి తీసుకుని మైకా ట్రేడింగ్ కార్పొరేషన్ ఏర్పాటుచేసింది. 1991లో సోవియట్ యూనియన్ పోవడంతో పెద్ద కొనుగోలుదారూ పోయాడు. ఆ కార్పొరేషన్ పనితీరును ఎవరెంత విమర్శించినా, విదేశీ కంపెనీకీ మన షెడ్డుకీ మధ్య ప్రభుత్వం నిలబడి బేరమాడాలన్న ఆలోచన మాత్రం తీసిపారేయదగ్గది కాదు.

ఆ తర్వాత కంపెనీలకు కావలసినవాళ్లు మన పిల్లలు. 1997లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిశారు. మరుసటేడు మైక్రోసాఫ్ట్ హైదరాబాదుకు వచ్చింది, నవంబరులో ప్రధాని వాజ్‌పేయి అక్కడ సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఉద్యోగాల కంటే ముందు ఆశలు మారాయి. గూడూరు లాంటి పట్టణంలోనూ ఆదిశంకర, నారాయణ ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. పెళ్లిచూపుల్లో 'అబ్బాయి సాఫ్ట్‌వేరా?' అన్న ప్రశ్న పొలం ఎన్ని ఎకరాలన్న ప్రశ్నను వెనక్కి నెట్టింది. చదువు పూర్తయినవాళ్లు చెన్నై రైలో హైదరాబాదు రైలో ఎక్కారు.

2004లో చంద్రబాబు ఓడిపోతే, కంప్యూటర్ల మీద పల్లెల తీర్పు అని చాలామంది రాశారు. కరువునూ అప్పులనూ పక్కనబెట్టి చెప్పిన ఆ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. ఓడింది నాయకుడు, కంపెనీలు కాదు. తర్వాతి ప్రభుత్వాల కాలంలోనూ గూగుల్, ఫేస్‌బుక్, అమెజాన్ హైదరాబాదులో పెరుగుతూనే వచ్చాయి. వాటిని రానివ్వనని ఓటడిగిన పెద్ద పార్టీ ఒక్కటీ లేదు.

భాష విషయంలోనూ మనం ఆ కంపెనీల గడప దగ్గరే నిలబడ్డాం. డీటీపీ షాపులు అను ఫాంట్లతో నెట్టుకొస్తున్న కాలంలో, 2001లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. కొద్దిరోజుల్లో ఆపిల్ సరిచేసిందనుకోండి, అంతవరకూ నవ్వుకున్నాం.

2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్‌కు దారి మూసింది. కంపెనీ ఎంచిన సైట్లే ఉచితమంటే కుదరదంది. నియంత్రణ సంస్థ ఎదురునిలిచిన సందర్భం అది. అదే ఏడు సెప్టెంబరులో జియో వచ్చి, డేటా చౌకై, వాట్సాప్ ఇంటింటికీ చేరింది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ యజమాని మెటాతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న వాట్సాప్‌లోనే 161 ప్రభుత్వ సేవలతో 'మన మిత్ర' మొదలైంది. సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగినవాడికి ఇది నిజంగా మేలే, కాదనను. కానీ పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య తలుపు ఇప్పుడు ఒక ప్రైవేటు కంపెనీ యాప్‌లో ఉంది. దాని నియమాలు రాసేది సచివాలయం కాదు.

బేరం కూడా తలకిందులైంది. ఒకప్పుడు కొనేవాణ్ని ఎదుర్కొనేందుకు కార్పొరేషన్ పెట్టిన దేశంలో, ఇప్పుడు రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడుతున్నాయి. 2025 అక్టోబరు 14న విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. ఆంధ్ర రాయితీలు మరీ ఎక్కువిచ్చిందని కర్ణాటక మంత్రి విమర్శించారు. ఆంధ్రా కారం పొరుగువాళ్లకు మండుతోందని మంత్రి నారా లోకేశ్ చురక అంటించారు, అదీ ఎక్స్ అనే ఇంకో అమెరికా కంపెనీ వేదిక మీద.