రాజుగారి ఆలుగడ్డ చేను, సైనికుల కాపలా: నేను చెప్పిన కథ, అషీ పర్మాంతియే అసలు చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ ఒక వంటకం గురించి. కానీ మొదలుపెట్టే ముందు నేనొక బాకీ తీర్చుకోవాలి.

ఏడాది క్రితం ఒక షార్ట్ పెట్టాను, పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఫ్రాన్స్‌లో జనం ఆలుగడ్డ తినమంటే తినలేదట. అప్పుడు పర్మాంతియే అనే ఆయన రాజుగారి పొలంలో ఆలుగడ్డ వేయించి, పగలు సైనికుల్ని కాపలా పెట్టి, రాత్రి కావాలనే పంపించేశాడట. ఇంత కాపలా ఉందంటే ఏదో విలువైన పంటే అనుకుని జనం దొంగతనంగా తవ్వుకుపోయి, తమ పెరళ్లలో నాటుకున్నారట. ఇదీ కథ. 45 సెకన్లు. అప్పటిదాకా నా చానెల్లో ఏ వీడియోకీ రానన్ని వ్యూస్ దానికొచ్చాయి. ఉద్యోగం మానేసి అప్పటికి మూడు నెలలు. ఇంట్లో రోజూ "ఇంక ఏదైనా కంపెనీలో చూసుకోరా" అంటున్న టైమ్ అది. ఆ ఒక్క షార్ట్ వల్లే ఇంకో ఆరు నెలలు గడువు దొరికింది నాకు.

దాని కింద ఒక రిటైర్డ్ హిస్టరీ మాస్టారు ఒకే ఒక లైన్ రాశారు: "బాబూ, దీనికి ఆధారం ఏమిటి?" నేను హార్ట్ బొమ్మ కొట్టి ఊరుకున్నా. కోడ్ రాసే రోజుల్లో టెస్ట్ చేయకుండా ఏదైనా లైవ్‌లో పెడితే మా లీడ్ చీవాట్లు పెట్టేవాడు. ఇక్కడ లీడ్ లేడు కదా! సరే, ఆ ప్రశ్నకి జవాబు ఇవాళ చెప్తాను. ముందు వంటకం సంగతి.

దాని పేరు అషీ పర్మాంతియే. అడుగున ఉల్లిపాయతో వేయించిన సన్నగా తరిగిన మాంసం, సాధారణంగా గొడ్డు మాంసం. దాని మీద పాలు, వెన్న కలిపి మెదిపిన ఆలుగడ్డ మందంగా పరుస్తారు. పైన కొంచెం చీజో బ్రెడ్ పొడో చల్లి, ఎర్రగా అయ్యేదాకా ఓవెన్‌లో పెడతారు. అంతే. ఫ్రాన్స్‌లో ఇది స్కూల్ క్యాంటీన్ తిండి, ఆదివారం మిగిలిన కూరని సోమవారం కానిచ్చేసే తిండి. పోతోఫ అని గంటల తరబడి ఉడికించే మాంసం పులుసు ఒకటుంది వాళ్లకి. అందులో మిగిలిపోయిన ముక్కలకి దక్కే రెండో జన్మ ఇది.

నేను మొదట చూసింది లీల్ నగరంలో, ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు. క్యాంటీన్‌లో పైన బంగారు రంగు పొర కనిపించి, ఆహా, ఆలూ వంటకం దొరికింది అనుకుని ప్లేటు చాచా. అలవాటుకొద్దీ లోపల ఏముందని అడిగా. గొడ్డు మాంసం అన్నారు. ఆ రోజుకి సలాడ్‌తో సరిపెట్టుకున్నా. రెండు వారాల తర్వాత బాతు మాంసంతో చేసింది దొరికింది. అడుగున అంటుకున్న పెచ్చులతో సహా గీకి తిన్నాను. ఇలా పైపొర కట్టే వంటల్ని వాళ్లు గ్రతాన్ అంటారు. ఆ మాట పుట్టిందే గీకడం, గోకడం అనే అర్థమున్న క్రియ నుంచి. అన్నం గిన్నెలో మాడు కోసం కొట్టుకున్న పిల్లలకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక అషీ అంటే సన్నగా తరిగినది. గొడ్డలిని ఫ్రెంచిలో అష్ అంటారు. రెండూ ఒకే కుటుంబం. ఇంగ్లీషువాళ్ల హ్యాష్ కూడా అక్కణ్నుంచి వచ్చిందే. మనం కంప్యూటర్ సైన్స్‌లో బట్టీ పట్టిన హ్యాషింగ్ కూడా అదే మాట. డేటాని ముక్కలు ముక్కలుగా కొట్టేయడం! నాలుగేళ్ల బీటెక్‌లో ఇది ఎవరూ చెప్పలేదు.

మరి పర్మాంతియే ఎవరు? ఆంత్వాన్ ఓగుస్తాన్ పర్మాంతియే. 1737లో ఉత్తర ఫ్రాన్స్‌లోని మోందిదియే అనే ఊళ్లో పుట్టాడు. వంటవాడు కాదు, రైతు కాదు, మందుల తయారీ తెలిసినవాడు. 1756 నుంచి 1763 దాకా ఏడేళ్ల యుద్ధం జరిగింది. అందులో ఫ్రెంచి సైన్యానికి ఫార్మసిస్టుగా వెళ్లి ప్రష్యా వాళ్లకి దొరికిపోయాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఖైదులో వాళ్లు పెట్టిన తిండి ఆలుగడ్డ. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1756లోనే ఆలుగడ్డ వేయమని ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు కాబట్టి అక్కడ దానికి కొదవ లేదు. ఫ్రాన్స్‌లో మాత్రం చాలామంది దృష్టిలో అది పందుల మేత. తింటే కుష్ఠు వస్తుందనే భయం కూడా ఉండేది. ఇది పూర్తిగా మూర్ఖత్వం అని కొట్టిపారేయకండి. ఆలుగడ్డది మన ఉమ్మెత్త కుటుంబమే, దాని ఆకులు, కాయలు నిజంగానే విషం. ఖైదులో అదే తిని ఆరోగ్యంగా బయటికొచ్చిన పర్మాంతియేకి మాత్రం ఆ అనుమానం తీరిపోయింది.

1769, 1770ల్లో ఫ్రాన్స్‌లో పంటలు దెబ్బతిన్నాయి. కరువులో గోధుమకి బదులు ఏం తినొచ్చో చెప్పండని 1771లో బెజాన్‌సోన్ నగరంలోని అకాడమీ వ్యాసాల పోటీ పెట్టింది. గెలిచింది పర్మాంతియే. ఆలుగడ్డ పేరు ఆ పోటీలో మరికొందరు కూడా చెప్పారు. 1773లో ఆలుగడ్డని రసాయన శాస్త్రం ప్రకారం విడదీసి చూపిస్తూ ఒక పుస్తకం వేశాడాయన.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మన వంటకానికి అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో ఫ్రెంచి పేదవాడికి తిండి అంటే రొట్టె. పక్కన ఏదున్నా లేకపోయినా రొట్టె ఉండాలి, మనకి అన్నంలాగా. కూలి డబ్బుల్లో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే రొట్టెకి పోయేది. 1775లో గోధుమ ధర పెరిగితే జనం మిల్లుల మీద, సంతల మీద పడ్డారు. దాన్ని పిండి యుద్ధం అంటారు. 1789 అక్టోబర్‌లో పారిస్ ఆడవాళ్లు వెర్సాయ్ రాజమహల్ దాకా నడిచి వెళ్లింది కూడా రొట్టె కోసమే. అలాంటి దేశంలో కొత్త దుంప ఒకటి తెచ్చి తినండంటే ఎవరు తింటారు? అందుకని పర్మాంతియే ఆలుగడ్డతోనే రొట్టె చేయాలని చూశాడు. గోధుమ పిండి చిటికెడు కూడా కలపకుండా! 1779లో ఆ పద్ధతి మీద ఒక పుస్తకమే రాశాడు. కానీ ఆలుగడ్డలో గ్లూటెన్ ఉండదు, పిండి పొంగదు. పైగా దుంపని ఉడకబెట్టి, పిండి పదార్థం విడిగా తీసి, ఆరబెట్టి, మళ్లీ కలపాలి. ఆ శ్రమకి, కట్టెల ఖర్చుకి మామూలు రొట్టే చవక. ఆ రొట్టె జనంలోకి వెళ్లలేదు.

నాకు ఆయన బాగా దగ్గరగా అనిపించేది ఇక్కడే. యూజర్‌కి ఏం అలవాటో ఆ రూపంలోనే ఇవ్వాలని ఇరవై ఏళ్లు కొట్టుకున్నాడు, ఆ రూపమే పనికిరాలేదు. ఉడకబెట్టి, మెదిపి, ఉప్పేసుకుని తినెయ్యండి అనేది చివరికి గెలిచింది.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న. 16వ లూయీ పారిస్ పక్కన సాబ్లోన్ అనే మైదానంలో ఆలుగడ్డ వేసుకోవడానికి పర్మాంతియేకి నేల ఇచ్చింది నిజం. అది 1780ల మధ్యలో. పేరులోనే ఇసుక ఉన్న నేల అది, వేరే పంట పండదు. అక్కడ కూడా ఆలుగడ్డ వస్తుందని చూపించడమే ఆయన ఉద్దేశం. సైనికులు ఉన్నారంటే నమ్మొచ్చు, ఎందుకంటే అది సైన్యం కవాతు మైదానం. కానీ రాత్రిళ్లు కావాలనే కాపలా తీసేసి జనాన్ని దొంగల్ని చేశాడు అనేదానికి గట్టి ఆధారం లేదు. నా అనుమానం ఎక్కడ బలపడిందంటే, అచ్చం ఇదే కథ ప్రష్యాలో ఫ్రెడరిక్ మీద చెప్తారు. గ్రీసులో 1820ల చివర్లో పాలించిన కపోదిస్త్రియాస్ మీద కూడా ఇదే చెప్తారు. మూడు దేశాలు, ముగ్గురు మనుషులు, ఒకే కాపలా, ఒకే దొంగతనం. ఇలా పాత్రలు మారి కథ మారకపోతే అది చరిత్ర కంటే జానపదానికి దగ్గర. రాజు కోటుకి ఆలుగడ్డ పూలు పెట్టుకున్నాడు, రాణి మరీ ఆంత్వానెత్ జడలో తురుముకుంది అనేది కూడా ఇలాగే అందంగా చెప్పుకునే మాట.

ఆ కథలో ఇంకో అన్యాయం ఉంది. పర్మాంతియే చెప్పకముందే ఫ్రాన్స్ తూర్పు జిల్లాల్లో, లొరేన్‌లో, ఫ్రాంష్ కోంతేలో, దోఫినేలో, పేద రైతులు ఆలుగడ్డ పండించి తింటూనే ఉన్నారు. 1600లోనే ఒలివియే ద సెర్ అనే వ్యవసాయ రచయిత దాన్ని వర్ణించాడు. అంటే "తెలివితక్కువ జనాన్ని ఒక తెలివైనవాడు బురిడీ కొట్టించి బాగుచేశాడు" అనే నా షార్ట్‌లో, ముందే పండిస్తున్న రైతులు ఎక్కడా లేరు. దొంగలుగా మాత్రం ఉన్నారు. సారీ మాస్టారూ.

అసలు మార్పు విప్లవం తెచ్చింది. రొట్టె దొరకని 1790ల్లో పారిస్ నడిబొడ్డున, రాజుల త్విలెరీ తోటలో ఆలుగడ్డలు నాటారు. 1795 ప్రాంతంలో 'రిపబ్లికన్ వంటగత్తె' అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం వచ్చింది. మొత్తం ఆలుగడ్డ వంటలే, రాసింది మెరిగో అనే ఆవిడ అంటారు. అందులో రొట్టె గోల లేదు, అన్నీ ఇంటి పొయ్యి మీద అయ్యేవే.

మరి అషీ పర్మాంతియే ఎప్పుడు పుట్టింది? ఆయన 1813లో పోయాడు. ఆయన దీన్ని చేశాడని గానీ తిన్నాడని గానీ ఎవరైనా చెప్తే నమ్మకండి. తరిగిన మాంసం వంటలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఆలుగడ్డ పడిన ప్రతి వంటకీ వంటవాళ్లు పర్మాంతియే పేరు తగిలించడం మొదలుపెట్టారు. ఆలుగడ్డ సూప్‌కి కూడా ఆయన పేరే. 1903లో ఎస్కోఫియే అనే మహా వంటగాడి పుస్తకంలో ఈ పేరుతో ఉన్న వంటకం చూస్తే మీరు గుర్తుపట్టరు. పెద్ద ఆలుగడ్డల్ని కాల్చి, లోపలి గుజ్జు తీసి, దాంట్లో మాంసం ముక్కలు, ఉల్లిపాయ కలిపి, మళ్లీ ఆ తొక్కల్లోనే కూరి ఓవెన్‌లో పెట్టడం. మన గుత్తొంకాయ పద్ధతి! కింద మాంసం, పైన ఆలూ అనే రెండంతస్తుల రూపం ఇళ్లలో, తర్వాత స్కూళ్లలో స్థిరపడింది. ఇంగ్లండ్‌లో కాటేజ్ పై అనే ఇలాంటి వంటకం పేరు 1791 నాటికే కనిపిస్తుంది కాబట్టి, ఎవరు ఎవర్ని కాపీ కొట్టారని కామెంట్లలో కొట్టుకోకండి. మిగిలిన మాంసం, చవకైన దుంప ఉన్న ప్రతి ఇంట్లోనూ తట్టే ఆలోచనే ఇది.

కప్పి పెట్టే వంటకంతో ఒక చిక్కుంది, కింద ఏముందో కనపడదు. 2013లో యూరప్‌లో గొడ్డు మాంసం పేరుతో గుర్రం మాంసం అమ్మిన గొడవ బయటపడినప్పుడు ఫ్రాన్స్ షాపుల్లోంచి వెనక్కి తీసుకున్న రెడీమేడ్ భోజనాల్లో లసానియాతో పాటు అషీ పర్మాంతియే కూడా ఉంది.

ఇంట్లో చేసేవాళ్లకి రెండు ముక్కలు. నేను మటన్ ఖీమాతో చేశా, బాగానే వచ్చింది. ఆలుగడ్డ మిక్సీలో వేయకండి, పిండి పదార్థం బయటికొచ్చి జిగురైపోతుంది. పప్పు గుత్తితో మెదపండి. వెన్న దగ్గర పిసినారితనం వద్దు. రోబుషోన్ అనే షెఫ్ కిలో ఆలుగడ్డకి పావు కిలో వెన్న వేసేవాడు.

పర్మాంతియే సమాధి పారిస్‌లో పేర్ లషేజ్ స్మశానంలో ఉంది. దాని మీద జనం పూలకి బదులు ఆలుగడ్డలు పెట్టి పోతుంటారు. లీల్ నుంచి రైలెక్కితే గంట ప్రయాణం, అయినా నేను వెళ్లలేదు. అప్పటికి ఆయన పేరు నాకు క్యాంటీన్ బోర్డు మీది ఒక మాట మాత్రమే.

ఆ పాత షార్ట్ డిలీట్ చేయలేదు. టైటిల్‌లో "కట్టుకథ" అని చేర్చి, మాస్టారి కామెంట్ పైన పిన్ చేసి, దాని కింద ఈ ఎపిసోడ్ లింక్ పెట్టాను.