చిలికాకు మొగ తీసిన రోజు

"నిజంగానే కోసేస్తారేటయ్యా?"

"కోసేస్తారులే. నిలబడతాదా అన్నదే నా బెంగ. సముద్రం ఊరుకుంటాదేటి? ఇసక తెచ్చి మళ్లీ మూసేస్తాది."

2000 సెప్టెంబరు 23. ఒడిశాలోని సిపకుడ దగ్గర ఇసుక దిబ్బ. దానికి ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు చిలికా సరస్సు. మాట్లాడుకుంటున్న తండ్రీకొడుకులు నోలియాలు, అంటే పూర్వీకులు మన తీరం నుంచి అటు వెళ్లి స్థిరపడిన తెలుగు మత్స్యకారులు. ఈ ఇద్దరూ అక్కడి ఎందరికో బదులుగా నేను నిలబెట్టిన మనుషులు. మిగతాదంతా జరిగిన కథే.

అంతకు ముందు కొన్నేళ్లుగా ఆ ఇంట్లో పొద్దున్నే ఒకటే తంతు. కొడుకు వల లాగేవాడు. బరువుగానే వచ్చేది. పైకి తీస్తే గుర్రపు డెక్క వేళ్లు, నాచు చిక్కులు, వాటి మధ్య నాలుగు చిన్న చేపలు. రొయ్య ఉండేది కాదు. పండుగప్ప ఊసే లేదు. తండ్రి పడవ అంచు మీంచి వంగి, చూపుడు వేలు నీళ్లలో ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు.

"సప్పగా ఉందిరా. ఏటి నీళ్లిది, మన నీరు కాదు."

ముసలాయన నాలిక అబద్ధం చెప్పలేదు. చిలికా బతికేది ఉప్పునీరూ మంచినీరూ కలవడం మీద. మహానది పాయలైన దయా, భార్గవి లాంటి నదులు ఉత్తరం నుంచి మంచినీటితోపాటు ఒండ్రునూ తెచ్చి పోస్తాయి. సముద్రపు పోటు మొగ, అంటే సరస్సు సముద్రంలో కలిసే ద్వారం, గుండా ఉప్పునీటిని, రొయ్య పిల్లల్ని, చేప పిల్లల్ని లోపలికి తోస్తుంది. అయితే తీరం వెంబడి అలలు ఇసుకను ఈశాన్యానికి నెడుతూనే ఉంటాయి. దాంతో మొగ కూడా ఏటికేడు అటే జరిగిపోయింది. సరస్సుకూ సముద్రానికీ మధ్య కాలువ సాగి సాగి పూడిపోయింది. పోటు దారిలోనే నీరసించేది. వచ్చిన ఒండ్రు బయటికి పోయే దారి లేదు. ఉప్పు తగ్గినకొద్దీ కలుపు అల్లుకుంది.

1985-86లో 8,600 టన్నులకు పైగా దొరికిన చేపలు, రొయ్యలు, పీతలు పదేళ్లు తిరిగేసరికి 1,300 టన్నులకు లోపే పడిపోయాయి. 1981లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు, 1993లో మాంట్రూ రికార్డుకు ఎక్కింది. అంటే ప్రపంచంలో ప్రమాదంలో పడిన చిత్తడి నేలల జాబితాకు.

ఒడిశా ప్రభుత్వం 1991లోనే చిలికా అభివృద్ధి సంస్థను పెట్టింది. పది, పదకొండో ఆర్థిక సంఘాల ప్రత్యేక గ్రాంట్లుగా 27 కోట్లు, 30 కోట్లు వచ్చాయి. డబ్బు రాగానే తవ్వకానికి దిగలేదు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం నమూనాలు వేసి, ఎక్కడ కోస్తే పోటు లోపలిదాకా చేరుతుందో, ఉప్పు ఎంత పెరుగుతుందో లెక్క తేల్చింది. అప్పుడు గానీ సిపకుడ పేరు ఖాయం కాలేదు. లోపలి కాలువలో పూడిక తీశారు. చివరికి దిబ్బను తెంచారు.

నీళ్లు కలిశాయి. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది.

ఆ తర్వాత ఒక పొద్దున కొడుకు వల లాగితే రొయ్యలు చిటపటలాడుతూ పడవ అడుగున పడ్డాయి. తండ్రి వాటిని చూడకుండా ముందు వేలు ముంచాడు.

"ఉప్పెక్కిందిరా గుంటడా!"

2001-02లో దిగుబడి దాదాపు 12,000 టన్నులు. 2002లో చిలికా పేరును మాంట్రూ రికార్డు నుంచి తీసేశారు. రామ్‌సర్ చిత్తడి నేలల పరిరక్షణ అవార్డు కూడా అదే ఏడాది వచ్చింది. చేపను ఎవరూ తెచ్చి వదల్లేదు, దారి ఇస్తే అదే వచ్చింది.

మన కొల్లేరుకు ఇదే మందు పనికిరాదు. అది మంచినీటి సరస్సు. ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నడం అక్కడి బాధల్లో ఒకటి. కానీ తవ్వే ముందు కొలవాలన్న పద్ధతి మాత్రం మనవాళ్లు చిలికా వెళ్లి నేర్చుకుని రావాలి.

ముసలాయన బెంగా ఉత్తది కాదు. ఇసుక కదలిక ఆగలేదు. 2008లో గబకుండ దగ్గర ఇంకో మొగ తెరుచుకుంది. 2019 మేలో ఫణి తుపాను దిబ్బను మరికొన్ని చోట్ల తెంచింది. మొగ తెరుచుకున్నంత మాత్రాన పేదవాడి వలకు చోటు దొరకదు కూడా. సరస్సులో వలలు, వెదుళ్లతో కట్టే రొయ్యల ఘెరీల మీద జరిగిన పోరాటంలో 1999 మేలో సొరానాలో పోలీసు కాల్పులకు నలుగురు మత్స్యకారులు బలయ్యారు. ఆ ఘెరీలను తొలగించడం, మళ్లీ అవి లేవడం ఏళ్ల తరబడి సాగుతూనే వచ్చింది. అవి నీటి నడకకూ అడ్డమే. కాలువల పూడికతీతకు ఏటా నిధులు కేటాయించాలి. ఘెరీ ఎవరిదైనా పీకేయాలి. ఈ రెండు పనులూ చేయకపోతే ఆ 57 కోట్లు ఇసుకలో పోసినట్టే.