‘ప్రికేరియస్’: పదం, చరిత్ర

ఆంగ్లంలో ‘ప్రికేరియస్’ అంటే నిలకడలేని, ఎప్పుడైనా చేజారిపోగల అని అర్థం. దీనికి మూలమైన లాటిన్ పదం ‘ప్రెకారియస్’కు వేడుకొని పొందినది అని అర్థం. ప్రాచీన రోమ్‌లో ఇలా అడిగి పొందిన భూమిని ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. 17వ శతాబ్దంలో ఆంగ్లంలో చేరినప్పుడూ ఈ పదం ఇతరుల దయపై ఆధారపడిన హక్కునే సూచించింది.

ఈ మూలార్థానికి హైదరాబాద్ చరిత్రలోనూ ఉదాహరణ ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైటెక్ సిటీ ఉద్యోగం మధ్యతరగతికి భద్రతకు గుర్తుగా మారింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని అంగీకరించడంతో, దానితో సంబంధంలేని వేలాది ఉద్యోగుల భవిష్యత్తు అనిశ్చితిలో పడింది. కేంద్ర ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేజిక్కించుకుంది.

కాబట్టి ఉద్యోగ భద్రతను అంచనా వేసేటప్పుడు జీతం ఎంత అని అడిగితే చాలదు. దాని భవితవ్యం ఎవరి చేతిలో ఉందో కూడా విద్యార్థులు పరిశీలించాలి.