శత్రువులాగే కనిపించే మిత్రుడు

మేడ్చల్, శామీర్‌పేట దారుల్లోని ద్రాక్ష పందిళ్లు మన తరం వారికి జ్ఞాపకముండే ఉంటాయి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ గారు హైదరాబాదుకు తెచ్చిన అనాబ్-ఎ-షాహి రకమే ఈ తోటలకు పేరు తెచ్చింది.

వాటికి పెద్ద బెడద పిండినల్లి. ఒంటినిండా మైనపు పూత, బెరడు కింద కాపురం. ఎంత మందు కొట్టినా లోపలి వాటికి తగిలేది కాదు. గుత్తికి పట్టిందంటే జిగురు, దానిపై నల్లటి మసి, కొనేవారుండరు.

విరుగుడు అప్పటికే మన దేశంలో ఉంది. 1898లో కాఫీ తోటల్లోని పొలుసు పురుగు కోసం ఆస్ట్రేలియా నుంచి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును తెప్పించారు. అది అప్పజెప్పిన పని చేయలేదు గాని, దక్షిణాది కొండల్లో పిండినల్లిని తింటూ స్థిరపడింది. 1980 దశకంలో బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధనా సంస్థ వారు దాన్ని ద్రాక్షపై వదిలి ఫలితం చూపారు. పెంపకం గుమ్మడికాయల మీద! ముందు కాయకు పిండినల్లిని పట్టించి, తరువాత ఈ పురుగును వదులుతారు. మనకు దప్పళం, వాటికి సంతర్పణ.

చిక్కల్లా ఒకటే. దీని పిల్లపురుగు కూడా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తెలియక దాన్నే నలిపేస్తారు. మందు కొడితే చచ్చేదీ బయట తిరిగే ఈ మిత్రుడే. పైగా జిగురు కోసం చీమలు పిండినల్లికి కాపలా కాస్తాయి. ముందు వాటిని అరికట్టాలి.

ఆ పందిళ్లలో చాలా భాగం ఇప్పుడు ఇళ్ల స్థలాలు. మన పెరటి మందారకు పట్టేదీ ఆ పిండినల్లే. మందు డబ్బా తీసేముందు, ఆ తెల్లటి వాటిలో కాస్త పెద్దగా, చురుగ్గా పాకేవి ఉన్నాయేమో కళ్లజోడు పెట్టుకొని చూడండి.