థేమ్స్‌లో పడాల్సిన నవల

1930లలో మైసూరు నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. తన నవల రాతప్రతిని లండన్ ప్రచురణకర్తలు వరసపెట్టి తిప్పిపంపారని, ఇక దానికో రాయి కట్టి థేమ్స్ నదిలో పడేయమని అందులో ఉంది. రాసింది ఆర్.కె. నారాయణ్. అందుకున్నది అక్కడ చదువుకుంటున్న మైసూరు స్నేహితుడు పూర్ణ. స్నేహితుడి మాటను ఆయన లెక్కచేయలేదు. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంటున్న యువ రచయిత గ్రాహం గ్రీన్ చేతిలో ఆ కాగితాల కట్ట పెట్టారు. అదే 1935లో ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’గా అచ్చయింది. దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ చూసిన మన తరానికి స్వామి పరిచయస్తుడే.

ఈ కథ ఎవరు చెప్పినా గ్రీన్ గొప్పమనసు దగ్గర ఆపేస్తారు. వెనకున్న మూడో మనిషిని ఎవరూ తలుచుకోరు. ఆయన డేవిడ్ హైయమ్, గ్రీన్ పుస్తకాల లావాదేవీలు చూసే లిటరరీ ఏజెంటు. గ్రీన్ సిఫారసుతో హామిష్ హామిల్టన్ సంస్థ నవల వేసుకోవడానికి ఒప్పుకుంది. ఒప్పందం, డబ్బు, తర్వాతి పుస్తకాల సంగతి చూసే పని హైయమ్ మీద పడింది. లండన్ ముఖం ఎన్నడూ చూడని మైసూరు యువకుడికి అక్కడ తన తరఫున మాట్లాడే మనిషి దొరికాడు.

ఏజెంటు అనే ఈ వృత్తి అప్పటికి అరవై ఏళ్ల నాటిది. 1870లలో ఎ.పి. వాట్ అనే స్కాట్లాండు మనిషి లండన్‌లో మొదలుపెట్టారు. కథలు అమ్మిపెట్టమని రచయిత మిత్రుడు జార్జి మెక్‌డొనాల్డ్ అడిగితే సాయంగా చేసిన పనే చివరికి వ్యాపారమైంది. రచయితకు వచ్చేదాంట్లో పదోవంతు తనకు. కిప్లింగ్, హార్డీ, కానన్ డాయిల్ ఆయన ఖాతాదారులు. పత్రికలో సీరియల్ హక్కు వేరు, పుస్తకం హక్కు వేరు, వలస దేశాల ప్రతులు వేరు. 1891లో అమెరికా విదేశీ రచయితలకూ కాపీరైట్ ఇచ్చాక ఆ దేశపు హక్కు కూడా అమ్ముకోదగ్గదైంది. ఒకే నవలకు ఇన్ని బేరాలుంటే, రాసేవాడు ఇక రాసేదెప్పుడు?

ప్రచురణకర్తలకు ఇది మింగుడుపడలేదు. 1893లో విలియం హైనమన్ ఏజెంట్లను పరాన్నజీవులని బాహాటంగానే తిట్టారు. ఆయన కడుపుమంట అర్థం చేసుకోదగ్గదే. రచయిత అమాయకత్వం మీద వచ్చే లాభం పోతుంటే ఎవరికి నచ్చుతుంది? 1896లో రంగంలోకి దిగిన జె.బి. పింకర్ మాత్రం కమీషనుతో ఆగలేదు. జోసెఫ్ కాన్రాడ్‌కు ఏళ్ల తరబడి అడ్వాన్సులు ఇస్తూ ఇల్లు గడిపించారు. ఇద్దరూ తగాదాపడ్డారు, మళ్లీ కలిశారు.

హైయమ్ విషయానికొస్తే, ఆయన కర్టిస్ బ్రౌన్ ఏజెన్సీలో పనిచేసి, 1935లోనే లారెన్స్ పాలింజర్, నాన్సీ పెర్న్‌లతో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారు. గ్రీన్ సిఫారసుతో ఆగలేదు, నారాయణ్ రాతప్రతి మీదా చేయి వేశారు. నారాయణ్ పెట్టిన పేరు ‘స్వామి, ద టేట్’. నవలలో కుర్రాళ్లు స్వామిని ఇంగ్లండ్ బౌలర్ మారిస్ టేట్‌తో పోల్చి అలా పిలుస్తారు. అది మార్చమన్నది గ్రీనే. నారాయణస్వామిని ఇంగ్లిషువాళ్ల నోటికి అందేలా నారాయణ్‌గా కుదించమన్నదీ గ్రీనే. 1930లో అమ్మమ్మ చూసిపెట్టిన మంచిరోజున కొత్త నోటుపుస్తకం తెరిచి మొదటి వాక్యం రాసిన మనిషి, పేరు తోక తెగడానికి అట్టే అభ్యంతరం చెప్పలేదు.

పుస్తకం మాత్రం అమ్ముడుపోలేదు. హామిల్టన్ రెండో నవల వద్దనేశారు. 1937లో ‘ద బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్’ను నెల్సన్ వేసింది, గ్రీన్ ముందుమాటతో. 1938లో ‘ద డార్క్ రూమ్’ మాక్మిలన్‌కు వెళ్లింది. 1945లో ‘ది ఇంగ్లిష్ టీచర్’ ఐర్ అండ్ స్పాటిస్‌వుడ్ గడప తొక్కింది, అప్పుడు అక్కడ గ్రీన్ డైరెక్టర్. నాలుగు నవలలు, నలుగురు ప్రచురణకర్తలు. అమ్మకాలు లేని రచయిత కోసం మళ్లీ మళ్లీ తలుపులు తట్టడమే ఏజెంటుకు అసలు పరీక్ష అని నా అభిప్రాయం. పేరున్నవాడి పుస్తకం ఎవరైనా అమ్ముతారు. ఈలోగా యుద్ధం వచ్చి లండన్‌తో రాకపోకలు తెగిపోతే, నారాయణ్ మైసూరులో ‘ఇండియన్ థాట్ పబ్లికేషన్స్’ పేరుతో తానే ప్రచురణకర్త అయ్యారు. గ్రీన్‌ను ఆయన మొదటిసారి కళ్లారా చూసింది 1956లో. అప్పటికి ఉత్తరాల స్నేహానికి ఇరవై ఏళ్లు దాటాయి.

తెలుగులో ఈ మధ్యమనిషి పుట్టనేలేదు. వారపత్రికలో సీరియల్ రావడం, దాన్ని విజయవాడ ప్రచురణకర్త పుస్తకంగా వేయడం, లేదంటే సొంత ఖర్చుతో అచ్చేసి కట్టలు మంచం కింద పెట్టుకోవడం... మనకు తెలిసిన దారులివే. సంపాదకుడికి రాతప్రతి చేరవేసే పూర్ణలు మాత్రం ప్రతి ఊళ్లో ఉన్నారు, కమీషను లేకుండా. కానీ ఒప్పందం చదివి, ఈ వాక్యం కుదరదని చెప్పే హైయమ్ లేడు. అనువాదాలు, ఆడియో పుస్తకాలు, వెబ్ సిరీస్‌లు వచ్చాక ఆ లోటు జేబుకు తగులుతోంది.

ఇంగ్లిషులో రాసే మనవాళ్లు తమ రాతప్రతులను విదేశీ ఏజెంట్లకు పంపుకుంటున్నారు. ఒక పేజీ ఉత్తరం, కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు అడగడం అక్కడి వాడుక. పదోవంతు కమీషను ఇప్పుడు సాధారణంగా 15 శాతానికి పెరిగింది, విదేశీ హక్కులకైతే 20. అదీ పుస్తకం అమ్ముడయ్యాకే. చదివిపెట్టడానికి ముందే డబ్బులు అడిగితే అక్కడితో వదిలేయండి. తెలుగులో రాసేవాళ్లకు చెప్పేది ఇంకా చిన్నది: రాతప్రతి ఎవరికిచ్చినా నకలు దగ్గరుంచుకోండి, అనువాదం, సినిమా, ఆడియో హక్కులు ఎవరివో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.