నూట పదహారు నంబరు గూఢచారి

పిల్లలకి బాండ్ సినిమాలు ఏ వరుసలో చూపించాలి? ముప్ఫైల్లో ఉన్న నాన్నలు నలుగురు కలిస్తే ఇది ఓ పట్టాన తెగే చర్చ కాదు. 1962లో వచ్చిన 'డాక్టర్ నో' నుంచి 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' దాకా, ఇయాన్ సంస్థ తీసినవి మొత్తం 25. విడుదలైన వరుసలోనే వెళ్దామంటే, మొదటి సినిమాల నడక ఇప్పటి పిల్లలకి మరీ నిదానం. డేనియల్ క్రెయిగ్‌తో మొదలుపెడదామంటే 'కసీనో రాయల్'లో కుర్చీకి కట్టేసి కొట్టే సీను ఉంది. రోజర్ మూర్ అయితే సరదాగా ఉంటాడు కానీ, ఆ సరదాలో సగం పక్కనున్న ఆడవాళ్ల మీద వేసే జోకులే.

నా లెక్కలో ఈ ప్రశ్నకి వేరే జవాబుంది. బాండ్‌తో మొదలుపెట్టక్కర్లేదు. 1966 ఆగస్టులో విడుదలైన ఒక నలుపు తెలుపు తెలుగు సినిమాతో మొదలుపెట్టొచ్చు. భాషాభిమానంతో చెప్తున్న మాట కాదిది. గూఢచారి అనే మనిషిని మన తాతలు బయటి నుంచి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్న పద్ధతిలో, ఇప్పుడు పిల్లలకి మనం చెప్పాల్సిన విషయం ఒకటుంది. అందుకని.

ఆ సినిమా 'గూఢచారి 116'. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం. మల్లికార్జునరావు. హీరోయిన్ జయలలిత. హీరో కృష్ణ. అప్పటికి ఆయన కొత్త కుర్రాడు, ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదివి మద్రాసు వెళ్లినవాడు. హీరోగా మొదటి సినిమా 'తేనె మనసులు' అంతకుముందు ఏడాదే వచ్చింది. అందులో స్కూటర్ మీద కారుని వెంటాడి, డూప్ లేకుండా దాని మీదకి దూకిన సీను చూసే డూండీ ఈ కుర్రాణ్ణి ఎంచుకున్నారని చెప్తారు.

రాసినది ఎవరో తెలిస్తే సాహిత్యం చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆరుద్ర! 'త్వమేవాహం' రాసిన ఆరుద్ర, ఆ దశకంలోనే 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు వెలువరిస్తున్న ఆరుద్ర. శాసనాలూ తాళపత్రాలూ తవ్వుతున్న చేత్తోనే పిస్తోళ్ల కథా రాశారు. ఆయనకి అందులో వింతేం లేదు, డిటెక్టివ్ నవలలు కూడా రాసినవారు కదా. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ అప్పటికే ఊరూరా చదువుతున్నారు. అద్దె లైబ్రరీల్లో నలిగిన పుస్తకాలతో పాఠకులు తయారుగా ఉన్నారు, తెర మీదకి మనిషి రావడమే తరువాయి.

కాలం కూడా అలాంటిదే. 1962లో చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, 1966 జనవరిలో తాష్కెంట్‌లో శాస్త్రిగారి మరణం. శత్రువు మన మధ్యే తిరుగుతున్నాడేమో అన్న అనుమానం గాలిలో ఉంది. విదేశీ గూఢచర్యం కోసం 'రా' అనే సంస్థని మన ప్రభుత్వం పెట్టింది 1968లో. అంటే తెలుగు తెర మీది ఏజెంట్ 116 'రా' కన్నా రెండేళ్లు పెద్దవాడు.

ఇంతకీ ఈ 116 బాండ్ కొడుకు కాదు, మహా అయితే దాయాది. ఈ సినిమాకి మూలం 1964 నాటి ఒక ఫ్రెంచి సినిమా, బ్యాంకాక్‌లో జరిగే ఓఎస్ఎస్ 117 కథ. ఆ 117ని సృష్టించిన జ్యాఁ బ్రూస్ మొదటి నవల 1949లో వచ్చింది. ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవల 1953లో వచ్చింది. అంటే 117 నాలుగేళ్లు ముందు. ఒక ఫ్రెంచి రచయిత ఊహించిన అమెరికన్ ఏజెంటు మద్రాసు చేరి, ఒక అంకె తగ్గించుకుని, గోపి అయ్యాడు.

ఆ అంకె ఎలా కుదిరిందో కానీ, భలే కుదిరింది. 007 అంటే చంపడానికి రాణిగారు ఇచ్చిన అనుమతి. 117 అంటే ఆఫీసు ఫైలు నంబరు. 116 అంటే? పెళ్లిలో కవర్లో పెట్టి ఇచ్చే నూట పదహార్లు! పంతులుగారి సంభావన, కొత్త జంటకి చదివింపు. ఆ అంకె వినగానే తెలుగువాడికి చావు గుర్తురాదు, శుభలేఖ గుర్తొస్తుంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. సినిమా పేరు చూసి మొదట అడిగింది, "ఈయనేమన్నా పెళ్లికెళ్తున్నాడా నాన్నా?" అనే.

ఒక రకంగా పెళ్లికే. బాండ్ సినిమా సినిమాకీ అమ్మాయి మారుతుంది. వాళ్లలో చాలామందికి ఇల్లూ వాకిలీ కనబడవు. గోపికి ఒక్కతే హీరోయిన్, ఆమెకి ఒక తండ్రి, అనుమానమంతా ఆ తండ్రి మీద. తోటి ఏజెంటుని చంపినవాళ్లని పట్టుకోవాలన్న పని, పెళ్లాడాల్సిన పిల్ల ఇంటికే వెళ్లి తగులుకుంటుంది. దేశరహస్యం కాస్తా ఇంటి రహస్యం అయిపోతుంది. మధ్యలో టి. చలపతిరావు సంగీతంలో పాటలు. పిల్లలకి ఆ పాటలు అడ్డమేమీ కాదు, తుపాకుల మధ్య ఊపిరి తీసుకునే జాగా.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఫోర్క్ అంటాం. ఒకరి కోడ్ తెచ్చుకుని, మన అవసరానికి మార్చుకుని, వేరే దారిలో నడిపించడం. ఈ ఫోర్క్ మళ్లీ పైకి ప్రయాణం చేసింది. 'గూఢచారి 116'కి ఛాయాగ్రాహకుడైన రవికాంత్ నగాయిచ్, దాన్నే 1967లో హిందీలో 'ఫర్జ్'గా తీశారు. జితేంద్రని నిలబెట్టిన సినిమా అది. ఇప్పటికీ దేశమంతా పుట్టినరోజులకి మోగే రఫీ పాట ఆ సినిమాలోదే. ఆ పాట వింటూ కేకు కోసే పిల్లలకి, అది ఏజెంట్ 116 పిల్చిన పేరంటమని తెలియదు. ఇదే నగాయిచ్ 1979లో మిథున్‌తో 'సురక్షా' తీసి గన్‌మాస్టర్ జి-9ని హిందీకి ఇచ్చారు.

తెలుగులో కృష్ణ ఆగలేదు. 'జేమ్స్ బాండ్ 777' 1971లో, 'ఏజెంట్ గోపి' 1978లో, 'రహస్య గూఢచారి' 1981లో, 'గూఢచారి 117' 1989లో వచ్చాయి. ఇరవై మూడేళ్ల పాటు సాగిన వరుస ఇది. కానీ సీరీస్ అనలేం, ఒక కథకి ఇంకో కథతో సంబంధం ఉండదు. ఇక్కడే ఒక తేడా గమనించాలి. బాండ్ వరుసలో పేరు ఒకటే, మొహాలు మారతాయి. కానరీ, లాజెన్‌బీ, మూర్, డాల్టన్, బ్రాస్నన్, క్రెయిగ్, మొత్తం ఆరుగురు. మన వరుసలో పేర్లూ నంబర్లూ మారతాయి, మొహం ఒకటే. వాళ్లకి పాత్ర శాశ్వతం, మనకి మనిషి శాశ్వతం.

ఈ తేడా భీమవరం పిల్లల దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. ఎందుకంటే వాళ్లకి ఆ మొహం ఇంకో పేరుతో ముందే తెలుసు.

భీమవరం పక్కనే ఉన్న మోగల్లు అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు. 2022 జులై 4న ఆయన 125వ జయంతికి భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. ఊళ్లోకొచ్చిన పిల్లలు ఎవరైనా తలెత్తి చూసేది దాన్నే. తెలుగు ఇళ్లలో అల్లూరి మొహమంటే చాలా ఏళ్లుగా కృష్ణ మొహమే. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' కృష్ణకి నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్. అందులో జగ్గయ్య వేసిన రూథర్‌ఫర్డ్ పాత్ర పిల్లలకి బాగా గుర్తుండిపోతుంది.

ఇప్పుడు ఆ పిల్లల ముందు బాండ్‌ని పెట్టండి. సూటు, కారు, గడియారం అన్నీ బావున్నాయి. కానీ ఆయన ఎవరి ఉద్యోగి? రూథర్‌ఫర్డ్ ఏ సింహాసనానికి పనిచేశాడో, ఆ సింహాసనానికే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన మనిషిని, 1924 మే 7న కాల్చి చంపించిన ప్రభుత్వం అది. చంపడానికి అనుమతి అనే మాట ఫ్లెమింగ్‌కి చమత్కారం కావచ్చు, మన్యంలో అది పరిపాలన.

పైగా అల్లూరి పద్ధతి గూఢచారి పద్ధతికి పూర్తిగా తలకిందులు. గూఢచారి పేరు దాచి, వేషం మార్చి, చెప్పకుండా వస్తాడు. అల్లూరి మిరపకాయ టపా పంపి, ఫలానా రోజు వస్తున్నాను, కాసుకోండి అని చెప్పి మరీ వచ్చేవాడంటారు. ఆయన్ని పట్టించడానికి తిరిగిన వేగులు అవతలి పక్షం వాళ్లు.

'డాక్టర్ నో' కథ జరిగేది జమైకాలో. సినిమా లండన్‌లో విడుదలైంది 1962 అక్టోబర్ 5న. జమైకా బ్రిటన్ నుంచి స్వతంత్రమైంది ఆ ఆగస్టు 6న. ఒక్కొక్క వలసా చేజారిపోతున్న రోజుల్లో, ఇంకా లోకాన్ని మనమే కాపాడుతున్నాం అని చెప్పుకోవడానికి ఆ దేశానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. బాండ్ ఆ మనిషి. ఇది తెలిసినంత మాత్రాన 'గోల్డ్‌ఫింగర్' చప్పబడిపోదు. నాకైతే ఆ కారు సీటు ఎగిరే సీను ఇప్పటికీ ఇష్టమే. కానీ పిల్లలకి ఇష్టాన్ని ఇచ్చేటప్పుడు దాని చిరునామా కూడా ఇవ్వాలి కదా.

ఇవ్వకపోతే ఏమవుతుందో 1983 నాటి 'ఆక్టోపస్సీ' చూస్తే తెలుస్తుంది. ఉదయపూర్‌లో తీశారు, కబీర్ బేడీ ఉన్నాడు, విజయ్ అమృత్‌రాజ్ ఆటో నడుపుతూ టెన్నిస్ బ్యాట్‌తో రౌడీల్ని బాదుతాడు. మా ఇద్దరు పిల్లలూ సోఫాలో ఎగిరి గంతేశారు. అదే సినిమాలో పాములవాళ్లు, కత్తులు మింగేవాళ్లు, మేకుల మంచం. జూదంలో గెలిచిన డబ్బు భారతీయ సహచరుడి చేతిలో పెడుతూ, కొన్ని వారాలు మీ కూరకి ఢోకా లేదన్నట్టు బాండ్ వేసే జోకు. మా అమ్మాయి పాజ్ చేయమంది. "ఆ డబ్బు ఇచ్చేటప్పుడు అలా ఎందుకన్నాడు?" అంది. ఆరేళ్ల తమ్ముడికి అర్థం కాలేదు, ఆటో సీను మళ్లీ పెట్టమన్నాడు. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పనవసరం లేకపోయింది. మన గోపిని ముందు చూసిన పిల్ల కనుక, ఇలా కాకుండా కూడా గూఢచారి ఉండొచ్చని తనకి తెలుసు. అది తెలియకపోతే ఆ ప్రశ్న పుట్టేదా అన్నది నా అనుమానం.

పెద్దవాళ్ల జాగ్రత్తలు ఎప్పుడూ వేరే చోట ఉంటాయి. 2015లో 'స్పెక్టర్' వచ్చినప్పుడు మన సెన్సార్ బోర్డు ముద్దు సీన్ల నిడివి సగానికి కోయించింది. పడిపోయే శవాల లెక్క మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇంట్లో రిమోట్ చేతిలో ఉన్న నాన్నలం మనమూ అంతే. ముద్దొస్తే ముందుకి జరుపుతాం, తుపాకీ పేలితే ముద్ద కలుపుతాం.

మన గూఢచారి చిత్రాలు మచ్చలేనివని అనను. ఆడవాళ్ల డాన్సుల విషయంలో ఎవరికీ తీసిపోవు. కానీ విరుగుడు కూడా ఆ పక్కనే దొరుకుతుంది. ఈ పోరాట చిత్రాలకి పేరుబడ్డ కె.ఎస్.ఆర్. దాసే 1970లో విజయలలితతో 'రౌడీ రాణి' తీశారు, తుపాకీ ఆమె చేతిలో పెట్టి. నరసాపురంలో పుట్టిన జంధ్యాల 1986లో చిరంజీవితో 'చంటబ్బాయ్' తీసి, ఈ సూటూ బూటూ డిటెక్టివ్ ఫోజుని జేమ్స్ పాండ్ అని పేరు పెట్టి నవ్వించారు. దేన్నైనా ఇష్టపడుతూనే వెక్కిరించడం నేర్పడానికి 'చంటబ్బాయ్'ని మించిన పాఠం లేదు. 2018లో అడివి శేష్ 'గూఢచారి'లో 116 మళ్లీ వచ్చింది. హీరో మళ్లీ గోపియే. నంబరు కొడుక్కి, మనవడికి వచ్చినట్టు వచ్చింది.

కనుక మా ఇంట్లో వరుస ఇది. ముందు 'గూఢచారి 116', ప్రింటు ఎంత అరిగిపోయినా సరే. తర్వాత 'చంటబ్బాయ్'. తర్వాత 'గోల్డ్‌ఫింగర్', దాని తర్వాత 'ఆక్టోపస్సీ', అవసరమైతే పాజ్ బటన్‌తో సహా. క్రెయిగ్ సినిమాలు పదమూడో ఏడు దాటాక.

మధ్యలో ఎక్కడో ఒకచోట 'అల్లూరి సీతారామరాజు' ఉండాలి. గోపిగా చూసిన మనిషి విల్లు పట్టుకుని వస్తాడు, ఎదురుగా రూథర్‌ఫర్డ్ నిలబడతాడు. అది చూశాక బాండ్ సినిమా ఏది పెట్టినా, మొదటి పది నిమిషాల్లో మా అమ్మాయి అడిగే ప్రశ్న ఒకటే: "ఈయన ఎవరి తరఫు నాన్నా?"